వంతెన మీద మనుషుల లెక్క

మా వంతెన మీద నడిచే దారిని పోగొట్టింది మా అత్త అజ్మత్ బీ. ఈ మాట నేను ఆమె ముందరే అంటాను. ఆమె కూడా కాదనదు. "నా నోరు అట్లాంటిది, ఏం జేస్తావు?" అంటుంది. ఏం చేయాలో ఆ వానకాలంలో చేశాము. అదే చెప్తున్నాను.

మాది ఏటిగడ్డపల్లె. పెన్నకు అవతల జమ్మలమడుగు, ఇవతల మేము, మధ్యలో వంతెన. మా ఊళ్లో దూదేకులోళ్లది ఒక వీధి, అందులో మాది ఒక ఇల్లు. ఆ పక్క వీధి క్రైస్తవులది. తక్కినవి రైతుల ఇళ్లు. హైస్కూలు, ఆస్పత్రి, అంగళ్లు, నాకు కుట్టుపని ఇచ్చే షాపు, అన్నీ అవతలే. అయినా ఏడాదిలో సగానికి పైగా మేము వంతెన ఎక్కం. ఏట్లో ఇసుకే మా రోడ్డు. తెల్లారగానే చెప్పులు చేత పట్టుకొని చల్లటి ఇసుకలో అడ్డం పడి నడిస్తే నేరుగా టౌన్లో కూరగాయల సందులో తేలుతాము. వంతెన ఎక్కాలంటే చుట్టు తిరిగి పోవాలి, నెత్తిన ఎండ, పక్కన ఎర్రగుంట్ల నుంచి వచ్చే సిమెంటు లారీలు. మైలవరం గేట్లు ఎత్తి ఏట్లో నీళ్లు వదిలినప్పుడే మాకు వంతెన గుర్తొస్తుంది.

ఆ ఏడు మంచి ఎండల్లో ఒకాయన వంతెన కొసన, మా ఊరి వైపు, కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఎవరో కన్సల్టెంట్ల తరఫున సర్వేకు వచ్చాడట. మా అత్తకు కొత్త మనిషి కనపడితే చాలు, మజ్జిగ చెంబుతో బయలుదేరుతుంది. ఆమె మోకాళ్లు మంచివి కావని నేనూ వెంట పోయాను.

"ఏంది నాయనా, ఇంత ఎండలో ఈడ కూసోని ఏం జేస్తాండావు?"

"ఈ బ్రిడ్జి మీద నడిచిపోయేవాళ్లను లెక్కపెడుతున్నానమ్మా."

మా అత్త ఎంత నవ్విందంటే చెంబులో మజ్జిగ తొణికి చీర మీద పడింది. "ఓయబ్బ! దీని మీద ఎవురు నడుస్తారు నాయనా? మా ఊరోళ్లు ఒక్కరు గూడ ఎక్కరు. మాకేమన్నా పిచ్చా? కావల్లంటే ఎవుర్నన్నా అడుగు."

ఆయన అడిగాడు. ఇద్దరు ముగ్గురు అదే చెప్పారు. అది కూడా గొప్పగా చెప్పారు, మా ఏరు మాకుండగా మీ వంతెన ఎవరికి కావాలన్నట్టు. ఆయన మజ్జిగ తాగి, దండం పెట్టి వెళ్లిపోయాడు.

కొన్ని రోజులకే పని మొదలైంది. వంతెనకు ఒక్క పక్కే ఫుట్‌పాత్ ఉంది. దాని మీద ఒక కంపెనీవాళ్లు వాళ్ల సిమెంటు ఫ్యాక్టరీకి నీళ్లు తీసుకుపోయే ఇనుప పైపు వేశారు, మోకాలెత్తున. ఆ పైపును ఆనుకొని రైల్వేవాళ్ల కేబుళ్ల కోసం సిమెంటు తొట్టె కట్టారు. కింది వైపు రైలు వంతెనకు ఏదో మరమ్మతు జరుగుతోంది, అది అయ్యేదాకా వాళ్ల సిగ్నల్ వైర్లు మా వంతెన మీదుగా పోవాలట. టెలిఫోన్ వైర్లు, కరెంటు వైరు అప్పటికే గోడకు వేలాడుతున్నాయి. అంతెందుకు, మా ఊరి తాగునీళ్ల గొట్టం కూడా ఆ వంతెన కడుపు కిందనుంచే వస్తుంది. ఒకరు జానెడు అడిగారు, ఒకరు మూరెడు అడిగారు. సర్కారు వంతెన కదా, అందరికీ ఇచ్చారు. మేము కింద ఇసుకలో పోతూ తలెత్తి చూసేవాళ్లం. మా ఊరి మగవాళ్లు కొందరు ఆ పనికే కూలికి పోయి వచ్చారు.

శ్రావణ మాసంలో పైన వానలు పడ్డాయి. గేట్లు ఎత్తుతారని దండోరా వేశారు. మరుసటి రోజు పొద్దున చూస్తే ఏరు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఎర్రగా నిండి ఉంది. పిల్లలు కేకలు పెట్టారు. మా అత్త చెంగు నెత్తిన వేసుకొని నీళ్లకు సలాం చేసింది. నేను కుట్టిన జాకెట్ల మూట నెత్తిన పెట్టుకొని, నా ఆడబిడ్డ తస్లీమా తెల్లకోటు సంచిలో పెట్టుకొని, వంతెన ఎక్కాము.

ఎక్కి నిలబడిపోయాము. నడిచే దారి ఏదీ? పైపు, తొట్టె, గోడ. వాటి మధ్యన పిల్లి పోవాలన్నా ఒళ్లు ముడుచుకొని పోవాలి. పైపు మీద 'ఎక్కరాదు' అని ఎర్ర అక్షరాలు.

"వదినా, ఇప్పుడెట్ల?" అంది తస్లీమా.

"ఎట్లేంది? రోడ్డు మీద పోదాం. అంచుకు రా."

పోయాము. ఒక లారీ పక్కనుంచి పోతే నెత్తిన మూట ఎగిరిపోతుందేమో అనిపించింది. ఎదురుగా ఇంకొకటి వచ్చింది. పైపుకు ఒళ్లు ఆనించి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాము. అవతలి కొసకు చేరేసరికి తస్లీమా సంచిలోని తెల్లకోటు మీదికి కూడా సిమెంటు దుమ్ము చేరింది. ఆ పిల్ల కోటు దులుపుకొని డ్యూటీకి పోయింది.

తస్లీమా గురించి ఒక మాట చెప్పాలి. నర్సింగ్ చివరి ఏడాది. ఆస్పత్రిలో పొద్దుటి డ్యూటీకి ఆలస్యమైతే గైర్హాజరు వేస్తారు, హాజరు తక్కువైతే పరీక్షకు కూర్చోనివ్వరు. హాస్టల్లో చోటు లేదన్నారు. పరీక్ష పోతే ఏడాదే కదా పోయేది అని మీరనుకోవచ్చు. మా ఇళ్లల్లో ఆడపిల్ల చదువు ఒకసారి ఆగితే మళ్లీ మొదలు కాదు. నాది ఇంటర్లో ఆగింది. మా నాయన 'ఒక్క ఏడాది చూద్దాం' అన్నాడు. ఆ ఏడాది ఇంకా అవుతూనే ఉంది. అందుకే ఆ పిల్ల కోటు నేనే ఉతికి, నేనే ఇస్త్రీ చేసేదాన్ని. దాని చదువు ఆగితే నా చదువు రెండోసారి ఆగినట్టే.

మా నడకలు అట్లా సాగుతుండగా ఒక పొద్దున అది జరిగింది. ఆ రోజు మాతో విజయమ్మక్క ఉంది. పక్క వీధే, ఆస్పత్రిలో ఆయా. మాటకారి, ఎంత పెద్ద డాక్టరునైనా 'ఏం నాయనా' అనే పలకరిస్తుంది. ముగ్గురం ఒకరి వెనక ఒకరం పైపును రాసుకుంటూ పోతున్నాము. ఎదురుగా బస్సు, వెనక లారీ. లారీవాడు ఆగలేదు, పక్కకు జరిగాడు. పక్కకంటే మా మీదికే. లారీ అద్దం విజయమ్మక్క భుజానికి తగిలింది. ఆమె పైపు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది.

నేను లారీ వెనక పరిగెత్తి నోటికొచ్చినట్టు తిట్టాను. లారీ పోయింది, తిట్లు మిగిలాయి. తిరిగొచ్చేసరికి తస్లీమా రోడ్డు మీదే కూర్చొని, నా జాకెట్ల మూటలోని అట్టముక్క తీసి ఆమె చేతి కింద పెట్టి, తన చున్నీతో కట్టు కడుతోంది.

"ఏడువద్దక్కా. కదిలించొద్దు. మెల్లిగా లెయ్."

"ఏడుపు కాదులేమ్మా," అంది విజయమ్మక్క, కళ్లనిండా నీళ్లు పెట్టుకొని. "డ్యూటీకి టైమైతాంది. నడువు పోదాం."

సాయంత్రానికి ఆ వార్త కువైట్ దాకా పోయింది. నా మొగుడు మున్వర్ అక్కడ డ్రైవరు. ఎవరు చెప్పారో గానీ ఫోన్ చేశాడు. పలకరింపు లేదు, ఏం తిన్నావని లేదు.

"ఆ పిల్లను మాన్పించు," అన్నాడు.

"ఎవుర్ని?"

"తస్లీమానే. రేపట్నుంచి ఆ బ్రిడ్జీ ఎక్కగూడదు. ఏడాది పోతే పోనీ. ప్రాణం పోతే నువ్వు తెచ్చిస్తావా?"

ఆయన భయం అబద్ధం కాదు. వాళ్ల నాయన చచ్చిపోయాక ఆ చెల్లెల్ని సాకింది ఆయనే.  అయినా నాకు ఒళ్లు మండింది.

"నువ్వు ఆడ దినమంతా రోడ్ల మీద బండి తోల్తాండావు. నీకేమన్నా అయితాదని నిన్ను మాన్పించినామా?"

"అది వేరే, ఇది వేరే."

"ఏంది వేరే? నీది పని, దానిది గాదా?"

"షహనాజ్, నాతో వాదులాడొద్దు. అమ్మకియ్ ఫోను."

ఇచ్చాను. మా అత్త విని, "సరే నాయనా, సరే" అంది. ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది. తస్లీమా గడపలో నిలబడి అంతా వింటోంది.

"వాడు జెప్పిందీ నిజమే గదమ్మీ," అంది మా అత్త.

"నిజమే అత్తా. లారీదీ నిజమే, పైపుదీ నిజమే. ఒక్క మన పిల్లే అబద్ధమా? అదొక్కటే ఇంట్లో కూసోవాల్నా?"

తస్లీమా లోపలికి పోయి కోటు బకెట్లో నానబెట్టింది. మరుసటి రోజు నేను ఒకవైపు, మా అత్త ఒకవైపు పట్టుకొని ఆ పిల్లను వంతెన దాటించాము. అట్లా ఎన్నాళ్లు దాటిస్తాము? మా అత్త మోకాళ్లు ఎన్నాళ్లు ఓర్చుకుంటాయి?

అందుకని ఆఫీసులకు తిరిగాము. నేను, మా అత్త, చేతికి పిండికట్టుతో విజయమ్మక్క. వంతెన చూసుకొనే ఆఫీసులో ఇంజనీరు నవీన్ కుమార్ అనే కుర్రవాడు. కూర్చోమన్నాడు, నీళ్లిప్పించాడు. అంతవరకూ బాగానే ఉంది.

"అమ్మా, అది పబ్లిక్ బ్రిడ్జి. రైల్వే అడిగితే ఇవ్వాలి, నీళ్ల కంపెనీ అడిగితే ఇవ్వాలి. మీ ఊరి నీళ్ల పైపు కూడా దాని మీదే కదా వస్తోంది?"

"వస్తాంది. మేం కాదన్లేదు," అన్నాను. "నీళ్లు పోవాల, కరెంటు పోవాల, రైలోళ్ల వైర్లు పోవాల. అన్నీ పోవల్సిందే. మనుషులు పోవద్దా?"

ఆయన కొంచెం ఇబ్బందిగా కదిలాడు. "పర్మిషన్ ఇచ్చేముందు సర్వే చేయించారమ్మా. ఆ ఫుట్‌పాత్ ఎవరూ వాడడం లేదని వచ్చింది. మీ ఊరివాళ్లే అట్లా చెప్పారట."

నేను మా అత్త వైపు చూడలేదు. చూడకుండా ఉండడం ఎంత కష్టమైందో నాకే తెలుసు. మా అత్త తనే లేచి నిలబడింది.

"నేనే చెప్పినా నాయనా," అంది. "ఎండాకాలంలో అడిగినాడు, ఎండాకాలం మాట చెప్పినా. ఇసక ఉండంగా బ్రిడ్జీ ఎందుకని అన్నా. ఆయప్ప మళ్లా వానాకాలంలో వచ్చి అడగలేదే? అడిగింటే వానాకాలం మాట చెప్పనా?"

నవీన్ కుమార్‌కు నవ్వు వచ్చినట్టుంది గానీ నవ్వలేదు. "నిజమేనమ్మా. కానీ ఇప్పుడు తీయించాలంటే నా చేతిలో లేదు. రైల్వేవాళ్లు ఒప్పుకోవాలి, కంపెనీ ఒప్పుకోవాలి," అన్నాడు.

రైల్వేవాళ్ల దగ్గరికి పోతే, వంతెన మాది కాదు, మేము అద్దెకున్నట్టు, ఇంటివాళ్లనే అడగండి అన్నారు. కంపెనీ సూపర్‌వైజరు ఇక్బాల్ ప్రొద్దుటూరు మనిషి, మర్యాదస్తుడు. టీ తెప్పించాడు. "మాకు అన్ని అనుమతులూ ఉండాయక్కా," అన్నాడు. తిరిగి తిరిగి బస్సు దిగి మళ్లీ వంతెన మొదట్లో నిలబడ్డాము. లారీలు పోతున్నాయి. దాటాలి.

"ఎవురి తావు వాళ్లకుంది," అంది విజయమ్మక్క. "మనకే ల్యాదు."

నాకు అప్పుడు అనిపించింది, ఉంది కదా అని. రోడ్డుంది. రోడ్డు మీద నడవకూడదని ఎవరు చెప్పారు? ఇన్నాళ్లూ ఒకరిద్దరం దొంగల మాదిరి అంచున పైపుకు అతుక్కొని పోతున్నాము గనకనే లారీ పక్కకు జరుగుతోంది. అందరం ఒక్కసారే పోతే? అంచున కాకుండా నడుమ పోతే?

ఆ సాయంత్రం రెండు వీధులూ తిరిగాను. హైస్కూలు ఆడపిల్లల అమ్మలతో మాట్లాడాను, కూలికి పోయేవాళ్లతో మాట్లాడాను. కొందరు భయపడ్డారు. కేసులు పెడతారేమో అన్నారు. "నడిస్తే ఏం కేసు పెడతారు? జెండా పట్టం, అరవం, కూసోం. పనికి పోతాం, అంతే," అని చెప్పాను. విజయమ్మక్క తన కట్టు చెయ్యి పైకెత్తి చూపించింది. నేను చెప్పిన మాటలన్నిటికన్నా ఆ చెయ్యే ఎక్కువ పని చేసింది.

మరుసటి రోజు తెల్లారి అందరం వంతెన మొదట్లో కలిశాము. ముందర ఎవరు నడవాలి? "నేను నడుస్తా," అంది మా అత్త. వద్దన్నా వినలేదు. "నా నోటితో పోయింది. నా కాళ్లతో తెస్తా."

మా అత్త నడక ఎట్లాంటిదంటే, పెండ్లి ఊరేగింపు కూడా ఆమెకన్నా ముందు పోతుంది. మోకాలి మీద చెయ్యి ఆనించి ఒక అడుగు, ఆగి, ఇంకో అడుగు. ఆమె వెనక తస్లీమా, నేను, విజయమ్మక్క, బడిపిల్లలు, కూలీలు, కూరగాయల గంపలు. రోడ్డుకు ఎడమ సగం మాది. నడుమ నడుస్తున్నాము. వెనక లారీ వచ్చి హారన్ కొట్టింది. ఎవరూ తిరగలేదు. ఇంకొకటి వచ్చింది. హారన్లతో చెవులు చిల్లులు పడుతున్నాయి. చిన్నపిల్లలు చెవులు మూసుకొని నవ్వుతూ నడుస్తున్నారు.  అబద్ధమెందుకు, ఆ రోజు నాకు భయమైంది.

మూడో రోజు పోలీసు జీపు వచ్చింది. ఎస్సై దిగాడు.

"ఏమ్మా, ధర్నాకు పర్మిషన్ ఉందా?"

"ధర్నా గాదు సార్, డ్యూటీకి పోతాండాం," అంది తస్లీమా. కోటు ఒంటి మీదే ఉంది.

"రోడ్డుకు అడ్డంగా నడుస్తున్నారు."

"ఫుట్‌పాత్ చూపించండి సార్, దాని మీదనే పోతాం."

ఎస్సై పైపు చూశాడు, తొట్టె చూశాడు. 'ఎక్కరాదు' అన్నది కూడా చదివినట్టున్నాడు. అంతలో మా వెనక ఆగిన బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టాడు. పులివెందుల బస్సు అది. డ్రైవరు జోసఫ్, విజయమ్మక్క పోయే చర్చికే వస్తాడు.

"వాళ్లను నడవనీండి సార్," అన్నాడు. "నేను ఎనక మెల్లిగా వస్తా. నా బస్సు దాటి ఎవడు పోతాడో నేనూ చూస్తా."

బస్సులో వాళ్లు కొందరు గొణిగారు, టైమ్ అవుతోందని. జోసఫ్ వినిపించుకోలేదు. ఆ రోజునుంచి ఆయన డ్యూటీ ఉన్న రోజుల్లో మా వెనక బస్సు వచ్చేది. అది అడ్డం ఉన్నంతవరకు లారీలు ఏమీ చేయలేకపోయేవి. వాటి వరస ముద్దనూరు రోడ్డు దాకా పోయిందని చెప్పుకొనేవారు. సిమెంటు ఆలస్యమైతే ఎవరికి నొప్పి పుట్టాలో వాళ్లకు పుట్టింది.

ఒకనాటి సాయంత్రం ఇక్బాల్ మా ఇంటికి వచ్చాడు. మంచం మీద అంచున కూర్చొని, "మీ పాప చదువు పాడు గాగూడదక్కా," అన్నాడు. "పొద్దున, సాయంత్రం మా కంపెనీ తరఫున ఆటో పెడతాం. ఇంటి ముందర ఎక్కుతాది, ఆస్పత్రి ముందర దిగుతాది. చదువయ్యేదాకా. మున్వర్ భాయ్‌తో గూడ మాట్లాడినా. శానా సంతోషపడినాడు."

ఆయన పోగానే మున్వర్ ఫోన్. ఆ గొంతులో ఎన్ని రోజుల తర్వాతో నవ్వు. "ఎక్కించు షహనాజూ. దాని చదువూ నిలబడతాది, ప్రాణమూ నిలబడతాది. నువ్వు కోరింది అదే గదా?"

అవును. నేను కోరింది అదే. ఆ రాత్రి నాకు కోపం రాలేదు, ఆశ పుట్టింది. పక్కింటి పిల్లలు, విజయమ్మక్క, వాళ్లంతా ఏమవుతారని ఒక పక్క అనిపిస్తున్నా, ఇంకో పక్క మా పిల్ల ఆటోలో కూర్చొని తెల్లకోటు నలగకుండా పోతున్నట్టు కళ్లకు కట్టింది. తస్లీమాతో అన్నాను: "నీ ఇష్టం మే. ఎక్కినా నేనేమీ అనుకోను."

ఆ పిల్ల తల ఊపింది, అంతే.

పొద్దున ఆటో వచ్చి ఇంటి ముందర ఆగింది. కొత్త ఆటో, సీట్లకు ఇంకా ప్లాస్టిక్ కవర్ కూడా తీయలేదు. వీధిలో అందరూ గడపల్లో నిలబడి చూస్తున్నారు.  ఆ చూపులే కష్టం. తస్లీమా కోటు వేసుకొని బయటికి వచ్చింది.

"అన్నా, అందర్నీ ఎక్కించుకుంటావా?" అని ఆటో అతన్ని అడిగింది.

"ల్యేదమ్మా. నాకు చెప్పింది నీ ఒక్కదానికే."

"అయితే పోన్నా. నాకు నడక అలవాటైంది."

అని మా అత్త చెయ్యి పట్టుకొని వంతెన వైపు నడిచింది. విజయమ్మక్క వెనకే కదిలింది. బడిపిల్లలు పరిగెత్తుకొచ్చి కలిశారు. నేను తలుపు గొళ్లెం పెట్టి, మూట ఎత్తుకొని, వాళ్లను అందుకోవడానికి పెద్ద పెద్ద అడుగులు వేశాను. నా కళ్లు సరిగా కనపడలేదు.

ఆ విషయం తెలిసి మున్వర్ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. దాన్ని చెడగొట్టింది నేనేనని ఆయన నమ్మకం. వాళ్లమ్మకు ఫోన్ చేసేవాడు, చెల్లెలికి చేసేవాడు, నాకు మాత్రం లేదు. నేనూ చేయలేదు. నాకూ రోషముంది. కానీ ఫోన్ మోగినప్పుడల్లా మిషన్ తొక్కడం ఆపి వినేదాన్ని.

దసరా దాటాక ఒక పొద్దున వంతెన మీదే అందరూ వచ్చారు. నవీన్ కుమార్, రైల్వే ఆయన ఒకరు, ఇక్బాల్. మా గుంపు అవతలి కొసకు చేరేదాకా నిలబడి చూశారు. టేపుతో కొలుచుకున్నారు. వాళ్లలో వాళ్లు వాదించుకున్నారు. చివరికి నవీన్ కుమార్ మా దగ్గరికి వచ్చి సంగతి చెప్పాడు. పైపు, తొట్టె ఎక్కడివి అక్కడే ఉంటాయి. వాటి మీద ఇనుప రేకులు పరిచి, పట్టుకోవడానికి కమ్మీ పెట్టి, పైన నడిచే దారి చేస్తారు. ఖర్చు రైల్వే, కంపెనీ రెండూ పెట్టుకుంటాయి. పని మొదలైతే అది అయ్యేదాకా పొద్దున, సాయంత్రం రోడ్డులో మా వైపు తాడు కట్టి వదులుతారు.

"అట్లయితే రేపే మొదలుపెట్టండి," అన్నాను.

"ఒక చిక్కుందమ్మా. కాగితాల మీద ఇప్పటికీ ఇక్కడ నడిచేవాళ్లు లేరు. మళ్లీ లెక్క తీయాలి. ఆ లెక్క జనవరిలో పెట్టారు."

"జనవరికి ఏట్లో నీళ్లుండవు సార్. ఇసక తేల్తాది," అంది తస్లీమా.

నవీన్ కుమార్ ఏటి వైపు చూశాడు. "తెలుసు. అందుకే ముందుగా చెప్తున్నా," అని, జీపెక్కి పోయాడు.

డిసెంబరు చివరికి నీళ్లు పాయలైపోయాయి. కొత్త ఇసుక తేలింది, శుభ్రంగా, తడితడిగా. పొద్దున్నే ఒడ్డున నిలబడితే కాళ్లు అటే లాగుతాయి. అట్లా దిగి ఇట్లా తేలితే టౌను. అయినా రెండు వీధులూ కూర్చొని ఒక మాట అనుకున్నాము. లెక్క అయ్యేదాకా ఎవరూ ఇసుకలో కాలు పెట్టకూడదు. ముసలివాళ్లు గొణిగారు, కూరగాయలవాళ్లు చుట్టు దారి అని విసుక్కున్నారు. మా అత్త మాత్రం ఏటి వైపు వీపు పెట్టి నడిచేది. కొందరు దొంగచాటుగా దిగబోతే ఆమె గట్టున నిలబడి పేరు పెట్టి పిలిచి మరీ సిగ్గు తీసేది.

లెక్కపెట్టడానికి ఈసారి ఒక అమ్మాయి వచ్చింది. తెల్లారినప్పటినుంచి చీకటి పడేదాకా మా వైపు కొసన కూర్చొనేది. ఆ అమ్మాయి ఉన్న రోజుల్లోనే మున్వర్ సెలవు మీద వస్తున్నాడని వాళ్లమ్మకు ఫోన్ వచ్చింది. ఏ రోజో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ పొద్దున మేము వంతెన నడుమకు చేరాము. మంచు ఇంకా విడలేదు. అవతలి ఒడ్డున, కూరగాయల సందులోంచి ఒక మనిషి ఇసుకలోకి దిగుతున్నాడు. చేతిలో పెద్ద సూట్‌కేసు. చక్రాలు ఇసుకలో కూరుకుపోతుంటే లాగుతున్నాడు. ఆ భుజాలు నాకు తెలుసు.  నాకన్నా ముందు తస్లీమా పైపు మీదినుంచి గోడ వైపు వంగి అరిచింది.

"అన్నా! యాడికి?"

మున్వర్ తలెత్తాడు. ముఖమంతా నవ్వు. "ఇంటికే మే! వస్తాండా ఉండు!"

"పైకి రా!"

"ఎందుకే? ఇసక ఎండింది గదా?"

"పైకి రా అంటాండా గదా అన్నా. నిన్ను గూడ లెక్కపెట్టాల."

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. వంతెన మీద వరసగా ఆగిన మమ్మల్ని చూశాడు, ముందర మోకాలు పట్టుకొని నిలబడిన వాళ్లమ్మను చూశాడు, కట్టు విప్పినా వంకరగానే ఉన్న చేతితో విజయమ్మక్కను చూశాడు, నన్ను చూశాడు. మా వెనక లారీలు ఆగి ఉన్నాయి. సూట్‌కేసు భుజానికెత్తుకొని వెనక్కి తిరిగాడు. గట్టెక్కి, టౌను వైపునుంచి చుట్టు తిరిగి, మేము అవతలి కొసకు చేరేసరికి ఆయాసపడుతూ అక్కడికి వచ్చాడు.

తస్లీమా అన్న చెయ్యి ఒక్క క్షణం పట్టుకుంది. "డ్యూటీకి టైమైతాందన్నా. సాయంత్రం మాట్లాడతా. నువ్వు బ్రిడ్జీ మీదనే పో, ఆ కొసన ఆయమ్మ రాసుకుంటాది," అని చెప్పి, తిరిగి చూడకుండా ఆస్పత్రి వైపు పోయింది.

మున్వర్ ఆ తెల్లకోటు సందు మలుపు తిరిగేదాకా చూస్తూనే నిలబడ్డాడు.

"దినమూ ఇట్లనే పోతాదా?" అన్నాడు. నాలుగు నెలల తర్వాత నాతో ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

"దినమూ," అన్నాను.

ఆయన సూట్‌కేసు దించి, పిడి పట్టుకొని, వంతెన ఎక్కాడు. మొదట పైపుకు ఆనుకొని నడిచాడు. నాలుగడుగులు పోయాక ఏమనుకున్నాడో, రోడ్డు నడుమకు జరిగాడు. వెనక లారీ హారన్ కొట్టింది. ఆయన తిరిగి చూడలేదు.